పెద్దకర్మ అయ్యాక మిగిలే దుఃఖానికి ఊళ్లో ఒక కూడిక: పెట్టే పద్ధతి, నడిపే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చావు జరిగిన ఇంటికి మొదటి పది పదకొండు రోజులు మనుషులకు కొదవుండదు. చిన్నదినం నాటికే దూరపు చుట్టాలు దిగుతారు. పొయ్యి సంగతి ఇరుగుపొరుగు చూసుకుంటారు. రాత్రి తోడు పడుకోడానికి ఎవరో ఒకరుంటారు. పెద్దకర్మ భోజనాలయ్యి షామియానా విప్పాక ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. గడ్డుకాలం మొదలయ్యేది అప్పుడే. అప్పటికి పలకరింపులు అయిపోయి ఉంటాయి, మళ్లీ ఆ మనిషి పేరెత్తితే ఇంట్లోవాళ్లే "ఇంకా ఎన్నాళ్లు" అంటారు.

ఈ కూడిక ఆ కాలం కోసం. ఎనిమిది పది మంది, వారానికోసారి, గంటన్నర చొప్పున, ఎనిమిది వారాలు. కర్మకాండకు ఇది బదులు కాదు, వైద్యానికీ కాదు. నడపడానికి డిగ్రీలు అక్కర్లేదు. నోరు కట్టుకోగలిగిన ఇద్దరు మనుషులు చాలు. బాగా ఓదార్చగలరని పేరున్నవాళ్లను ఈ పనికి మొదట తీసుకోవద్దు. దుఃఖంలో ఉన్న మనిషి నోరు విప్పేలోపే వాళ్లు జవాబు చెప్పేస్తారు.

ఎవరు నడపాలి

ఇద్దరు ఉండాలి, ఒక్కరితో కాదు. ఒకరు మాట నడిపిస్తారు. రెండోవారు తలుపు దగ్గర కూర్చుని ఆలస్యంగా వచ్చినవాళ్లను, లేచి వెళ్లిపోయినవాళ్లను చూసుకుంటారు. ఆశా కార్యకర్త, డ్వాక్రా సంఘాల గ్రామ సమాఖ్యలో లెక్కలు రాసే వీవోఏ, రిటైరైన టీచరు, చర్చి పెద్దమ్మ, మత్స్యకారుల ఊళ్లో అయితే కుల పెద్దల్లో నిదానస్తుడు, ఇలాంటివాళ్లు పనికొస్తారు. అప్పులిచ్చేవాళ్లు, పార్టీ మనుషులు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు వద్దు. ఎంత మంచివాళ్లైనా వాళ్ల ముందు ఎవరూ మనసులో మాట చెప్పరు. నడిపేవాళ్ల సొంతింట్లో ఏడాదిలోపు చావు జరిగి ఉంటే ఈ విడతకు ఆగమనండి.

ఇచ్ఛాపురం, కంచిలి వైపు చాలా ఇళ్లలో ఒడియా మాట్లాడతారు. మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లలో సవర గిరిజనులున్నారు. అక్కడ నడిపేవాళ్లలో ఒకరికైనా ఆ భాష రావాలి. తెలుగు బాగా వచ్చిన మనిషి కూడా ఏడుస్తూ తెలుగులోకి మార్చి చెప్పలేడు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

చావు జరిగిన మొదటి నెలలో ఎవర్నీ పిలవొద్దు. అప్పుడు చుట్టాలుంటారు, కర్మలుంటాయి, మనిషి ఇంకా తేరుకుని ఉండదు. రెండు నెలలు దాటినవాళ్ల నుంచి రెండేళ్ల లోపువాళ్ల వరకు కలపొచ్చు. ఒకే విడతలో రెండు నెలలవాళ్లూ ఏడాదిన్నరవాళ్లూ ఉంటే మంచిదే. ఏడాదిన్నర గడిచిన మనిషి పక్కన కూర్చుని టీ తాగడం చూస్తేనే కొత్తవాళ్లకు కొంత ధైర్యం.

తుపాను, రైలు ప్రమాదం లాంటివి జరిగిన వెంటనే కూడిక పెట్టొద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతమైన ఉద్దానంలో ముందు కావలసింది తాగునీరు, కరెంటు, ఇంటిమీదికి కప్పు. ఆ సమయంలో మనుషుల్ని కూర్చోబెట్టి జరిగింది పూసగుచ్చినట్టు చెప్పించడం మంచి చేయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని వద్దంటుంది. ముందు చూడాలి, వినాలి, కావలసిన సాయానికి కలపాలి. కూడిక తర్వాత.

పనుల కాలం చూసుకోండి. జూలై, ఆగస్టుల్లో నాట్లు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు, మార్చి నుంచి మే దాకా ఉద్దానంలో జీడిపిక్కల పని. ఆ నెలల్లో మొదలుపెడితే మూడో వారానికి సగంమంది ఉండరు. మత్స్యకారుల ఊళ్లలో మాత్రం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కాబట్టి మగవాళ్లు ఇంటి దగ్గరే దొరుకుతారు. ఎనిమిది వారాలు సరిగ్గా పడతాయి.

వారంలో మంగళ, శుక్రవారాలు వద్దు. ఆ రోజుల్లో చావు సంబంధమైన పనికి ఎవరూ గడప దాటరు. సంత రోజు, పింఛనిచ్చే ఒకటో తారీఖు కూడా వదిలేయండి. బుధవారమో గురువారమో మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర ఆడవాళ్లకు వీలు. కూడికకు ఆ వారం పేరే పెట్టండి, "బుధవారం కూడిక" అని. వెళ్లే మనిషిని దారిలో ఎవరైనా అడిగితే చెప్పుకోడానికి తేలిగ్గా ఉంటుంది.

ఎక్కడ, ఏమేం కావాలి

పిల్లలు వెళ్లిపోయాక అంగన్‌వాడీ కేంద్రం, సమాఖ్య భవనం, బడి గది బాగుంటాయి. గుడి ఆవరణ వద్దు, ఏడాది తిరగనివాళ్లు చాలామంది గుడి మెట్టెక్కరు. చావు జరిగిన ఇల్లూ వద్దు. రచ్చబండ, చెట్టునీడ చూడ్డానికి బాగుంటాయి గానీ దారినపోయే ప్రతి మనిషీ ఆగి వింటాడు.

అందరూ ఒకే ఎత్తులో కూర్చోవాలి. చాపలైతే అందరికీ చాపలు, మోకాళ్ల నొప్పులవాళ్లుంటే అందరికీ కుర్చీలు. మంచినీళ్ల బిందె, ఒకే రకం గ్లాసులు, రెండు తుండుగుడ్డలు, గోడ గడియారం ఉండాలి. పదిమందికి టీకి లీటరు పాలు చాలు. టీ చివర్లోనే ఇవ్వాలి, మధ్యలో ఇస్తే మాట తెగిపోతుంది. గ్లాసుల సంగతి చిన్నదిగా తీసేయొద్దు. ఎవరి గ్లాసు ఎవరు ముట్టుకుంటారన్న లెక్క ఇంకా పోలేదు. పేపరు కప్పులతో గొడవ తప్పించుకోవచ్చు. కానీ అందరికీ ఒకే స్టీలు గ్లాసులు పెట్టి, నడిపేవాళ్లే కడిగి బోర్లించడం మేలని మా అభిప్రాయం.

దీపం వెలిగించడం, పూలు, బొట్టు పెట్టి ఆహ్వానించడం ఏవీ వద్దు. పెద్దకర్మ నాడు గాజులూ బొట్టూ తీయించుకున్న మనిషి ముందు కుంకుమ భరిణె తిప్పితే ఆమె మళ్లీ రాదు. ఫొటోలు తీయొద్దు, వాట్సాప్ గ్రూపు పెట్టొద్దు. హాజరు పట్టీ కూడా అక్కర్లేదు, నడిపేవాళ్ల దగ్గర ఫోన్ నంబర్లుంటే సరిపోతుంది.

పిలవడం

మైకులో చెప్పించొద్దు, కాగితం అంటించొద్దు. ఇంటికి వెళ్లి పిలవాలి, అదీ రెండుసార్లు. మొదటిసారి ఊరికే పలకరించి రండి. రెండోసారి విషయం చెప్పండి. ఇలా అంటే చాలు:

"అమ్మా, బుదవారం మూడు గంటలకి అంగన్‌వాడీ కాడ కొంతమందిమి కూకుంటన్నాం. అందరూ ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నోలే. మాటాడాలనిపిత్తే మాటాడండి, లేదంటే ఊరికే కూకోండి. బాగోకపోతే లేసెల్లిపోండి, ఎవులూ ఏటీ అనరు."

పిలిచేటప్పుడే చూసుకోవలసింది ఒకటుంది. అత్తాకోడళ్లను ఒకే విడతలో కూర్చోబెట్టొద్దు. ఇద్దరూ పోగొట్టుకున్నది ఒక్క మనిషినే, ఆమెకు కొడుకు, ఈమెకు మొగుడు. అయినా అత్త ముందు కోడలు నోరు విప్పదు, విప్పితే ఇంటికెళ్లాక దానికి లెక్క చెప్పుకోవాలి. ఆస్తి తగువున్న అన్నదమ్ములదీ అంతే. పన్నెండుమందిని పిలిస్తే ఎనిమిదిమంది వస్తారనుకుని పిలవండి. పదిమందికి మించితే ఒక్కొక్కరికి వచ్చే సమయం నాలుగు నిమిషాలకు పడిపోతుంది.

మగవాళ్లను విడిగా పిలవండి. ఆడవాళ్ల మధ్య కూర్చుంటే వాళ్లు పంచాయితీ పెద్దల్లా తీర్పులిస్తారు, లేదంటే నేల చూస్తూ ఉండిపోతారు. వాళ్లకు రాత్రి ఏడున్నర వేళ, చేతికి ఏదైనా పని ఉంటే నయం. వలకు ముడులు వేస్తూనో తాడు పేనుతూనో కూర్చుంటే ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాల్సిన పని ఉండదు, మాట దానంతటదే వస్తుంది. తాగి వచ్చినవాణ్ని తిట్టి పంపొద్దు. రెండో మనిషి బయట కూర్చోబెట్టుకుని, "వచ్చే వారం తాగకుండా రా, నీ చోటు ఉంటుంది" అని చెప్పి ఇంటిదాకా దిగబెట్టాలి.

గంటన్నర ఎలా గడవాలి

మొదటి పది నిమిషాలు వచ్చి కుదురుకోడానికి. తర్వాత ఐదు నిమిషాలు కట్టుబాట్లు, ప్రతి వారం మళ్లీ చెప్పాలి. ఇక్కడి మాట గడప దాటదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అందుకోరు. అడగకుండా సలహా ఇవ్వరు. తన వంతు వద్దనుకుంటే పక్కవాళ్లకు ఇచ్చేయొచ్చు. గడప దాటకూడని మాటకు ఒక్క మినహాయింపు ఉందని, ఎవరి ప్రాణానికైనా ముప్పనిపిస్తే సాయం పిలుస్తామని మొదటి రోజే చెప్పేయండి.

ఆ తర్వాత నలభై ఐదు నిమిషాలు వంతులవారీ మాట. చేతిలో ఇమిడే గులకరాయి ఒకటి తెచ్చుకోండి, నాగావళిలోనో చంపావతిలోనో ఏరుకున్నదైనా సరే. రాయి ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట. మనిషికి నాలుగైదు నిమిషాలు. టైము అయ్యిందని గంట కొట్టొద్దు, ఐదున్నర నిమిషాలు దాటితే నడిపే మనిషి చెయ్యి మెల్లగా చాస్తే తెలుస్తుంది. రాయి పట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉన్నారంటే అది కూడా వాళ్ల వంతే. ఆ మౌనాన్ని పూడ్చాలని నడిపేవాళ్లకే ఎక్కువ తొందర. మనసులో ఇరవై అంకెలు లెక్కపెట్టుకోండి.

వంతులయ్యాక ఇరవై నిమిషాలు కలివిడి మాట. చివరి పది నిమిషాలు ముగింపుకి. ఇంటికెళ్లాక ఈ రాత్రి ఏం వండుతారు, ఎవరు తోడుంటారు అని ఒక్కొక్కర్నీ అడగాలి. ఈ ప్రశ్న చప్పగా అనిపించొచ్చు గానీ దీన్ని వదిలేయొద్దు. ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషిని వీధిలోకి అలాగే పంపకుండా మళ్లీ పొయ్యి దగ్గరికి తెచ్చేది ఇదే. టీ తాగి వెళ్తారు.

వారం వారం ఏం అడగాలి

మొదటి వారం చావు గురించి అడగొద్దు, మనిషి గురించి అడగండి. పోయినవాళ్లను ఏమని పిలిచేవారు, వాళ్లకు ఏ కూర ఇష్టం, కోపమొస్తే ఏం చేసేవారు. చావు సంగతి రెండో వారం, అదీ చెప్పాలనుకున్నవాళ్లే. గల్ఫ్‌లోనో చెన్నైలోనో పనికెళ్లి పోయినవాళ్ల ఇళ్లలో చివరిచూపు సరిగా దక్కదు. వారాల తర్వాత పెట్టె వచ్చి ఉంటుంది, మొహం చూపించి ఉండరు. వాళ్లు ఆ పెట్టె గురించే పదేపదే చెబుతారు, చెప్పనివ్వండి.

మూడో వారం వస్తువులు. చొక్కా, బండి తాళం, వల, కొడవలి ఏదైనా తెచ్చుకోవచ్చు. ఇప్పుడు ఎక్కువగా బయటికొచ్చేది ఫోనే. మనిషి పోయినా సిమ్‌కు నెలనెలా రీఛార్జి చేయించే తల్లులున్నారు, ఎత్తేవాళ్లు లేరని తెలిసీ ఆ నంబరుకు రింగ్ ఇచ్చేవాళ్లున్నారు. అది పిచ్చి కాదని గదిలో ఇంకో ఇద్దరు తామూ చేస్తామన్నప్పుడు తెలుస్తుంది. మీరు వివరించక్కర్లేదు.

నాలుగో వారం ఒంటి సంగతి: నిద్ర, తిండి, గుండెదడ, బీపీ బిళ్లలు మానేయడం. ఐదో వారం బరువైనది. "ముందే శ్రీకాకుళం తీసుకెళ్లుంటే", "ఆ రోజు వేటకు పంపకపోయుంటే" అన్న మాటలు వస్తాయి. పోయినవాళ్ల మీద కోపమూ వస్తుంది, తాగి అప్పులు చేసి పోయాడని. ఎవరూ సర్దిచెప్పొద్దు. "నీ తప్పేం లేదు" అని వెంటనే అనేస్తే ఆమె మాట అక్కడితో ఆగిపోతుంది. "ఆ రోజు మీకు ఏం తెలుసు, ఏం తెలీదు?" అని అడిగితే ఆమే విడదీసి చూసుకుంటుంది.

ఆరో వారం డబ్బు, కాగితాలు, ఇంటిపని. దీన్ని మిగతా వారాల్లోకి రానివ్వొద్దు, వస్తే కూడిక గ్రామ సచివాలయం క్యూ అయిపోతుంది. ఆ రోజు సంచిలో తెచ్చుకోవలసినవి మరణ ధ్రువపత్రం, పాస్‌బుక్. చావు 21 రోజుల్లోపు నమోదైతే రుసుము లేదు, దాటితే ఆలస్య రుసుము, ఇంకా ఆలస్యమైతే పై అధికారి ఉత్తర్వు కావాలి. పాస్‌బుక్‌లో మే, జూన్ నెలల దగ్గర 436 రూపాయలు కట్ అయిన గీత ఉంటే జీవన్ జ్యోతి బీమా ఉన్నట్టు, 20 రూపాయల గీత ఉంటే ప్రమాద బీమా. ఒక్కోటి రెండు లక్షలు. చాలా ఇళ్లలో ఆ గీత ఎవరూ చూడరు. వితంతు పింఛను నెలకు 4,000, దరఖాస్తు సచివాలయంలో.

ఏడో వారం పండగలు. మన దగ్గర సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెడతారు. మొదటి ఏడాది ఆ కొత్తబట్టలు కొనడానికి షాపులో నిలబడ్డమే కష్టం. ఎవరు కొంటారు, ఎవరు తోడెళ్తారు, ఆ రోజు ఎవరింట్లో తింటారు అన్నది ముందే అనుకోవాలి. సాంవత్సరీకానికి, క్రైస్తవుల ఇళ్లలో నవంబరు 2 సమాధుల పండగకి కూడా అంతే. ఎనిమిదో వారం ముగింపు.

తప్పులు ఎక్కడ జరుగుతాయి

ఓదార్పు దగ్గరే ఎక్కువ. "మంచోళ్లనే దేముడు ముందు తీసుకెళ్తాడు", "పిల్లల మొకం చూసి బతకాలి", "పెద్ద వయసే కదా", "ఇంకో బిడ్డని కనొచ్చు". చెప్పేవాళ్ల మనసు మంచిదే, కాని వినే మనిషికి నోరు మూసుకోమన్నట్టు తగులుతుంది. "ఏడవకు" కూడా వద్దు, ఏడుస్తున్న చేతిలో తుండుగుడ్డ కుక్కడమూ వద్దు. పక్కన పెట్టి ఉంచండి.

మన ఆడవాళ్ల ఏడుపుకి రాగం ఉంటుంది. "ఓలమ్మా" అని ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లూ అందుకుంటారు. భయపడి ఆపొద్దు. పది పదిహేను నిమిషాలు దాటి ఊపిరి అందకపోతుంటే నీళ్లిచ్చి, పేరుపెట్టి పిలిచి, అరికాళ్లు నేలకు ఆనించమని, చుట్టూ కనిపించే వస్తువులు చెప్పమని అడగండి. ఎవరికైనా పూనకంలా వచ్చి పోయినవాళ్ల గొంతుతో మాట్లాడితే వెక్కిరించొద్దు, "ఎవరు నువ్వు" అని ప్రశ్నలూ వేయొద్దు. దెబ్బ తగలకుండా చోటిచ్చి పక్కన కూర్చోండి. తగ్గాక నీళ్లిచ్చి పడుకోబెట్టండి, ఆ వారం అంతటితో ముగించండి.

దుఃఖానికి ఐదు మెట్లున్నాయని చదివి వచ్చి "మీరింకా కోపం దశలో ఉన్నారు" అనే నడిపేవాళ్లుంటారు. 1969లో ఆ దశల మాట వచ్చింది చావు ముంగిట ఉన్న రోగుల్ని చూసి, ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లను చూసి కాదు. పొద్దున సంతలో బేరమాడి నవ్విన మనిషి సాయంత్రం కుప్పకూలొచ్చు. అదేమీ వెనక్కి జారడం కాదు.

ఉద్దానంలో అయితే ఇంకో చిక్కు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుతో ఒకరు పోయిన ఇంట్లో ఇంకొకరు డయాలసిస్‌కు తిరుగుతుండొచ్చు. వాళ్ల దుఃఖం చావుతో మొదలవలేదు, చావుతో అయిపోదు. మాట ఇట్టే "నీ క్రియాటినిన్ ఎంత" అని కిడ్నీ రక్తపరీక్ష అంకెల మీదికి మళ్లుతుంది, ఆపైన నీళ్ల వల్లా మందుల వల్లా అని వాదన. జబ్బుకు కారణం ఇప్పటికీ ఇదని తేలలేదు. కూడికలో తేల్చబోతే పిల్లలకు ఆ నీళ్లే పోశామని తల్లులు కుమిలిపోతారు. పరీక్షల సంగతి టీ దగ్గర ఆశాతో మాట్లాడుకోమనండి, "నాకూ వస్తుందేమో" అన్న భయాన్ని మాత్రం వంతులో చెప్పనివ్వండి.

సముద్రంలో గల్లంతై శవం దొరకని ఇళ్లవాళ్లతో జాగ్రత్త. ఆమె "మా ఆయనకు చేపల పులుసు ఇష్టం" అంటే మీరూ "ఇష్టం" అనే అనండి, "ఇష్టపడేవారు" అనొద్దు. కర్మ చేయాలా వద్దా అన్నది ఆ ఇంటి నిర్ణయం. చట్టం ప్రకారం ఏడేళ్లు జాడ లేకపోతేనే చనిపోయినట్టు భావిస్తారు కాబట్టి కాగితాల పని కూడా వేరే దారిలో వెళ్తుంది.

కూడికతో తీరని చోట

"నేనూ పోతే బాగుణ్ను" అన్న మాట చాలామంది అంటారు. విని వదిలేయొద్దు, బెదిరిపోవద్దు. కూడిక అయ్యాక పక్కకు తీసుకెళ్లి సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఆలోచించారా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఎలాగో కూడా ఆలోచించుకుని ఉంటే ఆ రాత్రి ఒంటరిగా ఉంచొద్దు. ఇంట్లో గడ్డిమందు, పురుగుమందు డబ్బాలు ఆ రోజే బయటికి తీయించండి. పారాక్వాట్ గడ్డిమందుకు విరుగుడు లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. మందు తాగేసి ఉంటే వాంతి చేయించబోకుండా 108.

ఆరు నెలలు దాటినా పొయ్యి వెలిగించలేకపోవడం, పిల్లల్ని పట్టించుకోలేకపోవడం, రోజంతా ఆ మనిషి తప్ప ఇంకో ధ్యాస లేకపోవడం ఉంటే జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆస్పత్రి మానసిక వైద్యుడికి చూపించాలి. "పిచ్చాసుపత్రి" అన్న భయానికి ఎవరో ఒకరు తోడెళ్లడమే మందు.

ఎనిమిదో వారం తర్వాత

కొందరు ఇంకా సాగించమంటారు. వారం వారం సాగించొద్దు, ఆ మనుషులు బయట సంబంధాలు కలుపుకోవాలి. నెలకోసారి కలుసుకోండి, ఏడాది నిండేదాకా. ఒకరి సాంవత్సరీకానికి మిగతావాళ్లలో ఇద్దరైనా ఆ ఇంటికి వెళ్లేట్టు తారీఖులు రాసిపెట్టుకోండి. నడిపే ఇద్దరూ ప్రతి వారం అందరూ వెళ్లాక పావుగంట తమలో తాము మాట్లాడుకోవాలి. లేకపోతే ఆ మాటలన్నీ ఇంటికి మోసుకెళ్లి నిద్ర పోగొట్టుకుంటారు.

తర్వాతి విడతకు నడిపేవాళ్లను ఈ విడతవాళ్లలోనే వెతకండి. ఎక్కువ మాట్లాడినవాళ్లను కాదు, పక్కవాళ్లు ఏడుస్తుంటే కంగారుపడకుండా కూర్చున్నవాళ్లను. వాళ్ల ఇంట్లో సాంవత్సరీకం అయ్యేదాకా ఆగి, మొదటి విడతంతా తలుపు దగ్గర కూర్చోవడం, నీళ్లందించడం, గ్లాసులు చూసుకోవడం వరకే అప్పగించండి. రాయి పట్టుకుని కూడిక నడపడం రెండో విడత నుంచి.